మూడు వందల అడుగుల ఒప్పందం

పానగల్, నల్లగొండ
ఫిబ్రవరి 8, 2026

మిత్రుడు బాలయ్యకు,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే రెండో నిమిషానికే "ఇగ పెట్టేయ్ సారూ, పశులకు నీళ్లు పెట్టాలె" అని నువ్వే పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు. చివరిదాకా చదవాల్సిందే. నువ్వు కూడా ఉత్తరమే రాయి. బడిలో మనిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల్లో నీ చేతిరాత చూపించి పంతులు నన్ను తిట్టేవాడు. ఆ రాత ఇంకా ఉందో, పల్లి చేనులో కలిసిపోయిందో చూడాలని ఉంది.

అసలు సంగతి. మొన్న ఐదో తారీఖున అమెరికాకూ రష్యాకూ మధ్య ఉన్న ఆఖరి అణ్వాయుధ ఒప్పందం గడువు తీరిపోయింది. లోకంలో ఉన్న అణుబాంబుల్లో చాలా భాగం ఈ ఇద్దరివే. ఎవరు ఎన్ని సిద్ధంగా పెట్టుకోవాలో దానిలో ఒక హద్దు ఉండేది. ఒకరి జాగాకు ఒకరు వెళ్లి లెక్క చూసుకునే ఏర్పాటు ఉండేది. కరోనా ఏడాది ఆ రాకపోకలు ఆగాయి, మళ్లీ మొదలు కాలేదు. ఇప్పుడు హద్దు కూడా పోయింది. యాభై ఏళ్లుగా ఏదో ఒక కాగితం వాళ్ల మధ్య ఉంటూ వచ్చింది, ఇప్పుడు ఏదీ లేదు. మా పేపర్లో ఆ వార్త రాశిఫలాల పక్కన వేలెడంత వేశారు. నా రాశికి ఆ రోజు ధనలాభమట.

నేను చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదని నీకు తెలుసు. రిటైరైన వాళ్లం కలిసి శాంతి సంఘం పెట్టుకున్నాం. ఆరుగురం సభ్యులం. ఇద్దరికి మోకాళ్లు సహకరించవు, ఒకాయనకు వినపడదు. అందుకే ఆయన అన్ని తీర్మానాలకూ చెయ్యెత్తుతాడు. ఆయుధాలు వదిలేయాలని తీర్మానించే ముందు, అధ్యక్ష పదవి కోసం ఆయుధాలు తప్ప అన్నీ వాడుకున్నాం. చివరికి నేనే అధ్యక్షుణ్ని.

నువ్వు మన ఎర్రగుట్టపల్లిలో సంతకాలు చేయించాలి. కాగితం దీనితోపాటు పంపుతున్నాను. యురేనియం సర్వే అని నల్లమలకు వస్తున్నారంటే అచ్చంపేట రోడ్డు మీద అడ్డంగా పడుకున్నవాడివి నువ్వు. "మా కింద మన్ను తవ్వి మా నెత్తిన పోస్తరా" అని అరిచినవాడివి. ఇప్పుడు లేచి నాలుగు ఇళ్లు తిరగలేవా?

అక్క బిక్షమ్మకు నేను అడిగానని చెప్పు. ఆమె ఫోను ఎప్పుడూ చార్జింగు ఉండదు.

నీ
జానయ్య


ఎర్రగుట్టపల్లి, అచ్చంపేట దగ్గర
ఫిబ్రవరి 22

దోస్తు జానయ్య సారుకు బాలయ్య నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పోస్టాయన దాన్ని పట్టుకుని "బాలయ్యకు కోర్టు నోటీసు వచ్చింది" అని ఊరంతా చెప్పుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. మా ఇంటామె నిర్మలమ్మ దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుంది. చదివి చూశాక, కోర్టు నోటీసే నయమనిపించింది. నేను మాట్లాడినట్టు రాస్తే నువ్వు ఎర్ర పెన్ను తీస్తావు కాబట్టి నీ పుస్తకం తెలుగులోనే రాస్తున్నాను.

అమెరికావాడు, రష్యావాడు పొద్దున లేచి పానగల్ నుంచి తీర్మానం వచ్చిందా అని ఎదురుచూస్తున్నారేమో, తొందరగా పంపు. వినపడని ఆయనను ముందు పంపు. వాళ్లు ఏమన్నా ఆయన నొచ్చుకోడు. నీ వీధిలో కుక్కల గొడవ ఏడాదిగా తేలలేదని నువ్వే చెప్పావు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

సంతకాల సంగతి విను. గొర్రెల బీరన్న ముందు దొరికాడు. "సంతకం పెడితే ఏమొస్తది?" అన్నాడు. "ప్రపంచం మిగులుతది" అన్నాను. "మిగిలితే మంచిదే గని, గొర్లకు మందులు గూడ ఇస్తరా?" అన్నాడు. ఇవ్వరని తెలిసి మందను తోలుకుని పోయాడు. తర్వాత నా దాయాది మల్లేష్. నా చేనుకూ వాని చేనుకూ గట్టు ఒకటే అని నీకు తెలుసు. కాగితం చూసి "అన్నా, నువ్వు పెట్టినవా ముందు?" అని అడిగాడు. వాడు పెడితే పెడదామని నేను చూస్తున్నాను. చివరికి ఇద్దరం పెట్టలేదు. కాగితం ఎంత తెల్లగా పంపావో అంత తెల్లగా గూట్లో ఉంది.

సారూ, ఒక మాట. బాంబులు వద్దని నువ్వు తేలికగా అంటావు. చేతిలో కట్టె ఉంటేనే కుక్క దూరంగా ఉంటుంది. కట్టె కింద పడేసి కుక్కకు నీతులు చెప్పినవాడిని నేను చూడలేదు.

రెండు సందేహాలు ఉన్నాయి. గడువు తీరిన కాగితం మర్నాటి నుంచి లెక్కలోకి వస్తుందా, రాదా? అమెరికా గురించే అడుగుతున్నాను. ఇంకోటి, పక్కవాడు చాటుగా తయారవుతున్నాడని అనుమానం వస్తే, మనం ముందు దిగడం తప్పా? ఇది రష్యా గురించి.

అక్క బాగుంది. నిన్న కనబడి, "మా తమ్ముడు ఇంక సదువు జెప్తనే ఉన్నడా?" అని అడిగింది.

బాలయ్య


పానగల్
మార్చి 10

ప్రియమైన బాలయ్యా,

నీ చేతిరాత అలాగే ఉంది. నీ బుద్ధి కూడా అలాగే ఉంది. అయినా నువ్వు రెండు ప్రశ్నలు అడిగినందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. మా సంఘంలో ఇంతవరకు ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, చాయ్ ఎప్పుడొస్తుందని తప్ప.

మొదటిదానికి జవాబు. గడువు తీరిన కాగితం చట్టం లెక్కలో చెల్లదు. అందుకే బుద్ధి ఉన్నవాళ్లు గడువు తీరకముందే కూర్చుంటారు. ఈ ఇద్దరిలో రష్యావాడు ఇంకో ఏడాది పాత హద్దులోనే ఉందామని అడిగాడు. అటువైపు నుంచి గట్టి మాట రాలేదు. అడిగినవాడు నిజంగా అడిగాడో, నటించాడో నాకు తెలియదు. కాని సరే అని చూస్తే పోయేదేముంది?

రెండోదానికి జవాబు. ముందు దిగినవాడు ఎప్పుడూ పక్కవాడే మొదలుపెట్టాడని చెబుతాడు. చరిత్ర పాఠంలో ఒక్కడైనా "నాకే ఆశ పుట్టింది, నేనే దిగాను" అన్నవాడు నాకు కనబడలేదు.

ఇక నీ కట్టె సంగతి. బాలయ్యా, అది నీ ఇంటి దూలం పీకి చేసిన కట్టె. ఎత్తి కొట్టేసరికి కుక్కకు తగులుతుందో లేదో కాని నీ కప్పు నీ నెత్తిన పడుతుంది. ఎక్కడో నాలుగు నగరాల మీద ఆ బాంబులు పడితే, లేచిన పొగ ఎండను కమ్మేస్తుందని, ఏళ్ల తరబడి వానలు తగ్గుతాయని శాస్త్రవేత్తలు లెక్కలు కట్టారు. వాళ్లు కొట్టుకుంటే నీ పల్లి చేను ఎండుతుంది. నిన్ను ఎవరూ అడగరు, నీకు ఎవరూ చెప్పరు. చివరికి మన ఢిల్లీ, మన దాయాది దేశం కూడా ఏటా జనవరి ఒకటిన తమ తమ అణు కేంద్రాల పట్టికలు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. మొన్నటిదాకా కొట్టుకున్నవాళ్లు కూడా ఆ ఒక్క మర్యాద విడిచిపెట్టలేదు. పక్కవాడికి ఏముందో తెలిస్తే సగం భయం తగ్గుతుందని వాళ్లకూ తెలుసు.

ఉగాది నాడు నల్లగొండలో మా సభ ఉంది. నేను గంటసేపు మాట్లాడతాను. మైకు, కుర్చీలు అన్నీ చెప్పేశాం. అందువల్ల ఈ పండుగకు ఊరికి రాలేను. ఉగాదికి తప్పకుండా రావాలి, ఊళ్లో ఏదో పని ఉందని డిసెంబరులో నువ్వు ఫోన్లో అన్నట్టు గుర్తు. అది ఏమిటో నాకు తోచడం లేదు. వీలైతే రాయి.

నీ
జానయ్య


ఎర్రగుట్టపల్లి
మార్చి 29

అధ్యక్షులవారికి,

ఆ పని ఏమిటో చెబుతాను, కూర్చో.

పదేళ్ల కిందటి కరువు నీకు యాదికి ఉందా? ముందు మల్లేష్ బోరు లోతు చేశాడు, నాది ఎండింది. నేను వానికంటే కిందికి పోయాను, వానిది ఎండింది. మధ్య పల్లంలో ఉన్న మీ అక్కోళ్ల కాలనీ చేతి బోరింగు కూడా ఎండబోయింది. అప్పుడు ఉగాది పండుగకు వచ్చిన ఒక సోషల్ సారు, మమ్మల్నిద్దరినీ మీ అక్క ఇంటి ముందు మంచం మీద కూర్చోబెట్టి కాగితం రాయించాడు. మూడు వందల అడుగుల కింద ఎవరూ మోటారు దించొద్దు. కొత్త బోరు వేయొద్దు. ఎవరి మోటారు పైకి తీసినా రెండోవాడు వచ్చి తాడు పట్టాలి, పైకొచ్చిన పైపులు లెక్కపెట్టాలి. గడువు పదేళ్లు, ఉగాది నుంచి ఉగాది దాకా. "గప్పటిదాక మీకు బుద్ధి రాకపోతే మీ ఖర్మ" అని ఆ సారు నవ్వాడు కూడా. ఆ సారు ఎవరో నీకు తెలిసే ఉంటుంది. ఈమధ్య ఆయన అమెరికా పనుల్లో ఉన్నాడు.

మొదట్లో బాగానే నడిచింది. నా మోటారు తీసేనాడు మల్లేష్ వచ్చి ఒక్కో పైపు వేళ్ల మీద లెక్కపెట్టేవాడు. నిర్మలమ్మ ఇద్దరికీ చాయ్ ఇచ్చేది. కరోనా ఏడాది దూరంగా ఉండాలన్నారని వాడు రాలేదు, నేనూ పోలేదు. ఆ తర్వాత ఎవరి మనుషులతో వాళ్లమే తీసుకున్నాం. వాని దగ్గర ఎన్ని పైపులున్నాయో నాకు తెలియదు, నావి వానికి తెలియదు.

నువ్వు నవ్వకు గాని, నీ ఉత్తరంలో ఆ కరోనా ముక్కను మూడుసార్లు చదివాను.

ఉగాదితో కాగితం పోయింది. మూడో రోజు పొద్దున మల్లేష్ చేను పక్క బాటలో పెద్ద లారీ టైర్ల గుర్తులు కనబడ్డాయి. అంత పెద్ద టైర్లు బోరుబండికే ఉంటాయి. రాత్రికి రాత్రి వాడు బండి తెచ్చి జాగా చూపించి పంపాడని నాకు అర్థమైంది. ఇంకా కూర్చుంటే నా పల్లి ఎండేది. ఆ సాయంత్రమే నేను ఫోన్ చేశాను. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసేవాడు వచ్చాడు, వాని చేతిలో కాయ నిలబడింది. బోరుబండి వచ్చి రెండు రోజులు ఊరికి నిద్ర లేకుండా తవ్వింది. ఏడు వందల అడుగుల దాకా తెల్లటి పొడే. ఆ తర్వాత పడ్డాయి నీళ్లు. నిర్మలమ్మ పసుపు, కుంకుమ వేసింది. నేను గట్టు మీద నిలబడి మల్లేష్ ఇంటివైపు చూశాను. ఆ ఘడియ నాకు ఎంత బాగనిపించిందో అబద్ధం చెప్పను.

మర్నాడే అదే బండి, అదే కొబ్బరికాయవాడు, మల్లేష్ చేనులోకి పోయారు. వాడు తొమ్మిది వందలకు పోయాడు. బోరుబండి ఓనరు పోతూ పోతూ నా చేతిలో కార్డు పెట్టి, "వెయ్యి అడుగులకు పోవాలంటే నాకే చెప్పన్నా" అన్నాడు. అదే కార్డు మల్లేష్‌కూ ఇచ్చాడట.

నీ సభ బాగా జరిగిందా?

బాలయ్య


పానగల్
ఏప్రిల్ 9

బాలయ్యా,

ఈ ఉత్తరంలో ఎగతాళి లేదు. వెతికినా దొరకదు.

నిన్న పక్కింటివాళ్ల ఫోన్లో అక్కతో మాట్లాడాను. కాలనీ బోరింగు గాలి కొడుతోందట. అక్కడిదాకా నల్లా నీళ్లు రావని నీకు తెలుసు. కాలనీకి ఉన్నది ఆ ఒక్క బోరింగే. నీ గట్టుకూ మల్లేష్ గట్టుకూ మధ్య పల్లంలో ఉందని నీ ఉత్తరంలో నువ్వే రాశావు. ఏడు వందలని, తొమ్మిది వందలని రాసిన చేతికి ఆ బోరింగు లోతు ఎంతో గుర్తు రాలేదా?

వాడు మొదలుపెట్టాడని అనకు. టైర్ల గుర్తులు చూశావు గాని వాడిని అడిగావా? గట్టు దాటి పది అడుగులు వేస్తే అడిగేవాడివి.

ఇంకో మాట విన్నాను. నీళ్లు కావాలంటే నీ మోటారు దగ్గరికి రమ్మని కాలనీవాళ్లకు కబురు పెట్టావట. బాంబులున్న పెద్ద దేశాలు చిన్న దేశాలను "మా గొడుగు కిందికి రండి" అని ఇలాగే పిలుస్తాయి. ముందు ఎండ పెట్టేది వాళ్లే.

అక్క అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఇప్పుడు కడవ పట్టుకుని ఎక్కడికి పోవాలి?

జానయ్య


ఎర్రగుట్టపల్లి
ఏప్రిల్ 21

సారుకు,

ఈ ఉత్తరంలో చేతిరాతే నాది, మాట మీ అక్కది. పొద్దున ఖాళీ కడవతో వచ్చి మా వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. "కాయిదం, కలం దే" అంది. తెచ్చాను. నువ్వు నేర్పిన తెలుగులోకి మారుస్తానంటే ఒప్పుకోలేదు. వీధిలో పదిమంది నిలబడి చూస్తుండగా ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"రాయి. తమ్ముడు జానికి అక్క బిక్షమ్మ రాయించేది. తిన్నవా, బాగున్నవా అని అడుగుత లేను. మా బోరింగు సచ్చింది. సంపినోళ్లు ఇద్దరు. ఒకడు ఈడ గూసొని రాస్తున్నడు."

గది గూడ రాయాల్నా అక్కా, అన్నాను.

"రాయి. ఒక్క మాట ఇడిసినా ఇంకోని తోని సదివిపిచ్చుకుంట. ఉగాది నాడు పొద్దుగాల మల్లేష్ బెల్లం, మామిడికాయలు పట్టుకొని గీ బాలయ్య ఇంటికి వచ్చిండు. 'అన్నా, సారు రాలె. సారు వచ్చేదాక ఇంకో ఏడాది గిదే కాయిదం నడుపుదం' అన్నడు. ఈన 'సూద్దం తియ్' అన్నడు. గా ముచ్చట నీకు రాసిండా తమ్మీ? రాయలే. బెల్లం మాత్రం తిన్నడు."

సారూ, ఇక్కడ నా కలం ఆగింది. ఆమె కుర్చీలోంచి కాగితం మీదికి వంగి చూసింది. చదువు రాకపోయినా ఆగిన కలం తెలుస్తుంది.

"ఇగ లారీ సంగతి. టైర్లు జూసి బోరుబండి అనుకున్నడంట. గది మల్లేష్ తెప్పించిన కోళ్ల ఎరువు లారీ. రెండు దినాలు ఊరంత ముక్కు మూసుకొని తిరిగింది. బాలయ్యకు కండ్లున్నయ్, ముక్కు లేదు."

వీధిలో పదిమందీ నవ్వారు. మా నిర్మలమ్మ కూడా తలుపు చాటున నవ్వింది.

"ఇప్పుడు నా మోటరు కాడికి రాండ్రి, కడవలు నింపుకోండ్రి అంటున్నడు. తమ్మీ, మన అమ్మ గట్లనే ఒకరి బాయి గట్టు కింద నిలబడేది. ఎవరన్న మీదికెల్లి పోస్తె పట్టుకునేది. ఎవరు పోయకపోతె మధ్యాహ్నం దాక నిలబడేది. నేను పక్కన నిలబడి జూసిన. మన కాలనీల బోరింగు పడ్డనాడు అమ్మ తన చేతులతోని కొట్టి, నీళ్లు మొకం మీద పోసుకొని ఏడ్సింది. నీకు యాదికుందా? నేను మల్ల కడవ పట్టుకొని ఎవరి గట్టు కింద నిలబడ. దూప తోని సచ్చినా నిలబడ. గిది పెద్దగ రాయి."

పెద్దగా రాశాను, చూడు.

"ఇగ నీ ముచ్చట. దున్నలు దున్నలు కొట్లాడి లేగల కాళ్లు ఇరగ్గొట్టినయంట. నువ్వు ఉగాది నాడు దున్నల మీద ఉపన్యాసం జెప్పవోయినవ్. గా అమెరికోడు నీ మాట ఇన్నడా? గీ ఇద్దరు వినేటోళ్లు, నువ్వు వచ్చి ఉంటె. ఇగ ముగిచ్చు. వేలిముద్ర యాడ పెట్టాలె?"

వేలిముద్ర కింద ఉంది. ఆమె పోయింది, కడవ మా వాకిట్లోనే పెట్టిపోయింది. దాన్ని ముట్టడానికి నిర్మలమ్మకు, నాకు ఇద్దరికీ ధైర్యం చాలడం లేదు.

ఇక నా మాట. కాలనీ నుంచి పల్లి పీకడానికి ఒక్క మనిషి రావడం లేదు. మల్లేష్‌కూ రావడం లేదు. నేల గట్టిపడితే కాయలు భూమిలోనే తెగిపోతాయి. ఏడు వందల అడుగుల బోరు గంటసేపు పోసి బురద కక్కుతోంది. బోరుబండివాడు రోజూ ఫోన్ చేసి, ఇద్దరూ కలిసి వెయ్యికి పోతే రేటు తగ్గిస్తానంటున్నాడు. లోతు మోటారు పైకి తీసేయాలనే నాకూ ఉంది. కాని నేను ముందు తీస్తే మల్లేష్ నవ్వుతాడు. వాడు ముందు తీస్తే నేను తప్పకుండా తీస్తాను. ముందు ఎవరు తీయాలో నువ్వు చెప్పు.

బాలయ్య


పానగల్
మే 2

బాలయ్యా,

అక్క ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "పెద్దగ రాయి" అన్నచోట నీ అక్షరాలు రెండు వరసలంత ఉన్నాయి.

నా సభ ఎలా జరిగిందని అడిగావు. గంట మాట్లాడాను. చివరిదాకా కూర్చున్నది ఒక్కడే, కుర్చీలు అద్దెకిచ్చినవాడు. ఆయన నా మాటల కోసం కూర్చోలేదు. అదే గంట అక్క ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉంటే సరిపోయేదని ఇప్పుడు చెప్పి లాభం లేదు.

ముందు ఎవరని అడిగావు. లోకంలో ఆయుధాల బేరాలన్నీ అక్కడే ఆగుతాయి. ఒకరు తగ్గిస్తే రెండోవాడు తగ్గిస్తానంటాడు, 'ముందు మీరు' అంటూ ఇద్దరూ మర్యాదగా చస్తారు. నువ్వే ముందు తీయి. మల్లేష్ నవ్వితే నవ్వనీ. నవ్వుతో ఎవరూ చచ్చిపోలేదు, దూపతో చస్తారు. అతను తీయకపోతే నీకు పోయేదేమిటి? గంట నీళ్లూ, బురదా.

ఆ కడవను నింపి పంపాలని చూడకు. ఖాళీగానే తీసుకుపోయి అక్క చేతికి ఇవ్వు.

జానయ్య


ఎర్రగుట్టపల్లి
మే 24

దోస్తు జానయ్యకు,

ముందు నేనే దిగాను. దిగడం అంటే ఈసారి కిందికి కాదు.

ఖాళీ కడవ ఒక చేత్తో, నా రెండు బోర్ల స్టార్టర్ల నుంచి పీకిన ఫీజులు ఇంకో చేత్తో పట్టుకుని కాలనీకి పోయాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా. బీరన్న మందను ఆపి మరీ చూశాడు. "అక్కా, ఫీజులు నీ కాడ పెట్టుకో. నువ్వు ఇచ్చిన నాడే మోటరు నడుస్తది" అన్నాను. ఆమె ఫీజులను అటూ ఇటూ తిప్పి చూసి కొంగున ముడి వేసుకుంది. ఊరంతా నవ్వింది. మల్లేష్ మాత్రం నవ్వలేదు. సాయంత్రం వాడూ వచ్చాడు. "అక్కా, నావి గూడ గా కొంగునే గట్టుకో. పక్కపక్కన పెట్టకు, మల్ల కొట్లాడుతయి" అన్నాడు. ఆమె రెండు కొసలకూ రెండు ముళ్లు వేసింది.

మర్నాడు కాలనీవాళ్లు పల్లి పీకడానికి వచ్చారు. ఆ తర్వాత నా లోతు మోటారు తీశాం. అటువైపు తాడు పట్టింది మల్లేష్. ఆరేళ్లయింది వాడు నా తాడు పట్టి. పైకొచ్చిన పైపులు వేళ్ల మీద లెక్కపెడుతూ మధ్యలో తప్పాడు, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. నాకు కోపం రాలేదు. పైపుల కింది సగం నిండా బురదే. దానికోసమేనా నేను గట్టు మీద నిలబడి వాని ఇంటివైపు చూసింది అనుకుంటే సిగ్గేసింది. బోరు మీద రేకు పెట్టి వెల్డింగు చేయించాను. కొత్త కాగితంలో గడువు రాయొద్దని అక్క చెప్పింది. "నీళ్లకు గడువుందా? మరి కాయిదానికెందుకు?" అంది.

ఇప్పుడు పొద్దున కాసేపు పశువులకు, ఇంటికి సరిపడా పాత బోర్లకు ఫీజులు ఇస్తుంది, పోయగానే తీసుకుంటుంది. వచ్చే పంటకు వరి, పల్లి లేవు. నాకు ఆముదాలు, వానికి కందులు. కాలనీ బోరింగు ఇంకా పూర్తిగా లేవలేదు. చాలాసేపు కొడితే ఒక కడవ, తర్వాత గాలి. కాని ఆ ఒక్క కడవా ఎవరి గట్టు కిందా నిలబడకుండా నిండుతోంది.

నీ సంతకాల కాగితం గూట్లోంచి తీశాను. నేను, మల్లేష్ ఒకేసారి పెట్టాం, ఒకరి మొగం ఒకరు చూసుకుంటూ. అక్క వేలిముద్ర వేయబోయి ఆగి, అందులో ఏముందో చదవమంది. చదివాను. మొత్తం విని నన్ను ఒక మాట అడిగింది. నిన్ను అడిగి చెబుతానన్నాను. ఆమె అడిగింది ఇది:

"గా బాంబులకు గూడ ఫీజులుంటయా? ఉంటె, ఎవరి కొంగున ఉన్నయి?"

మల్లేష్ లోతు మోటారు తీసేది ఇంకా మిగిలి ఉంది. తొమ్మిది వందల అడుగుల పైపు, చేతులు చాలడం లేదు.

బాలయ్య


పానగల్
జూన్ 1

బాలయ్యా,

అక్క ప్రశ్నకు జవాబు రాసి చింపి, రాసి చింపి, ఇక ఈ ఉత్తరంలో ఉన్నంతే పంపుతున్నాను. ఆమెకు చదివి వినిపించు.

ఉంటాయక్కా. బాంబులకు కూడా ఫీజులుంటాయి. అవి బాంబులు చేసినవాళ్ల జేబుల్లోనే ఉంటాయి. పక్కవాడి జేబులోకి తొంగిచూసే వీలు మొన్నటిదాకా కొంచెం ఉండేది, ఇప్పుడు అదీ లేదు. నీలాగా రెండువైపులవాళ్ల ఫీజులూ అడిగి కొంగున కట్టుకునే మనిషిని ఎవరూ ఇంకా కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు. నువ్వు, నేను, బోరింగు కొట్టే ఆడవాళ్లందరూ వాళ్ల మధ్య పల్లంలోనే ఉన్నాం.

ఇది విని ఆమె ఏమంటుందో నాకు తెలుసు. "మరి నువ్వేం జేస్తున్నవ్ రా అధ్యక్షా?" అంటుంది. అందుకే అడగకముందే బయలుదేరుతున్నాను. సంఘానికి చెప్పాను, వినపడని ఆయన కూడా వస్తానని చెయ్యెత్తాడు. ఆయనకు బలం బాగానే ఉంది. పదో తారీఖు బుధవారం పొద్దున అచ్చంపేట బస్సు దిగుతాం.

మల్లేష్ మోటారు తాడు ఒక కొస నాకు ఉంచు.

నీ
జానయ్య